చిలుకమ్మ ఆపిన పాడె

ఆ ఊళ్ళో ఎవరింట్లో చావైనా మొదటి కబురు డప్పులవాళ్ళకు పోతుంది, రెండో కబురు చిలుకమ్మకు. కొడకండ్లకు నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఊరది. చిలుకమ్మ ఏడ్వడానికి రాదు. ఏడ్చేవాళ్ళకేం, బంధువులున్న ఇంట్లో వాళ్ళకెప్పుడూ కొదవ ఉండదు. ఆమె వచ్చి, కొంగు నడుముకు దోపుకొని, ముందుగా పీనుగ తలాపున కూర్చున్న ఇంటామె ముఖం చూస్తుంది. పెదవులెండిపోయి, గొంతు పూడుకుపోయి, చెంబు నోటికందించినా గుటక దిగని స్థితిలో ఆమె ఉంటే, పక్కన చతికిలబడి పోయిన మనిషి గురించి ఒక ముచ్చట ఎత్తుకుంటుంది. గొప్ప ముచ్చట కాదు, నవ్వొచ్చే ముచ్చట. ఆ మనిషి పెండ్లిచూపులకు పోయి పిల్లకు బదులు పిల్ల మేనత్తను చూసి సరేనని వచ్చిందో, ఎన్నికలనాడు ఓటు వేసి ఆ గదిలోనే కునుకు తీసిందో, అట్లాంటిది. ఏడుస్తున్న ఇంటామె ఏడుస్తూనే ఫక్కున నవ్వుతుంది. నవ్వగానే గొంతు విచ్చుకుంటుంది. చిలుకమ్మ అదను చూసి చాయ పోస్తుంది.

"ఏడ్వాల్నన్నా ఒంట్లె నీళ్ళుండాలె గదనే," అంటుంది.

కొత్తగా చూసినవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. ఇదేం ఆడమనిషి, చావుకొచ్చి ఇకఇకలు పకపకలేంది అంటారు. అన్నవాళ్ళే తమ ఇంట్లో ఆ కష్టం వచ్చిననాడు చిలుకమ్మ ఇంకా రాలేదేమని వాకిలి గల్మ వైపు చూస్తారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అనుకుంటే అనుకోండి. నన్నడిగితే నూరుమంది పంతుళ్ళు చెప్పలేని ఓదార్పు ఆమె నోట్లో ఉంది.

ఈ విద్య ఆమెకు పుట్టుకతో వచ్చిందేమీ కాదు. తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళ అవ్వ, కన్నతల్లి, చచ్చిపోయినప్పుడు చిలుకమ్మ పగలూ రాత్రీ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఏడ్చి, తెల్లవారేసరికి కళ్ళు తేలేసి పడిపోయింది. ముఖాన నీళ్ళు కొట్టి లేపితే లేచింది గానీ, పళ్ళు బిగబట్టి చుక్క నీరు లోపలికి పోనివ్వలేదు. అందరూ బతిమాలి ఓడిపోయాక ఎదురింటి ముసలామె కొమురవ్వ వచ్చి పక్కన కూర్చుంది. ఒకసారి సద్దుల బతుకమ్మనాడు పక్కింటి బర్రె వచ్చి మీ అవ్వ పేర్చిన బతుకమ్మను మొదలంటా మేసిపోయింది గుర్తుందా అని అడిగింది. మనిషన్నది ఏడ్వాలా లేదా? మీ అవ్వ ఏడ్వలేదు, ఇన్ని బతుకమ్మలుండగా నాదే పెద్దదని బర్రెకు కూడా తెలిసిపోయిందని వారం రోజులు ఊరంతా చెప్పుకొని తిరిగింది అన్నది కొమురవ్వ. చిలుకమ్మకు నవ్వాగలేదు. నవ్వి, చెంబెడు నీళ్ళు గటగటా తాగి, మళ్ళీ ఏడ్చింది. ఆ నీళ్ళ రుచి ఆమె మరిచిపోలేదు. కొమురవ్వ పోయాక ఆ పని తనది చేసుకుంది.

మిగతా రోజుల్లో ఆమె పని పిండిగిర్ని. ఆ గిర్ని వాళ్ళ నాయిన దుర్గయ్య పెట్టింది. నలభై ఏళ్ళు ఆయనే నడిపి, మోకాళ్ళు సహకరించక మంచానికి దగ్గరైతే, అదే ఊళ్ళో మెట్టిన బిడ్డ చిలుకమ్మ వచ్చి బెల్టు పట్టా ఎక్కించి మోటారు వేసింది. ఆడమనిషి గిర్ని నడుపుడేంది అని మగవాళ్ళు నవ్వితే, మీ ఇండ్లల్ల రొట్టెలు చేసేది ఆడోళ్ళు, పిండి పట్టేది మాత్రం మగోళ్ళు కావాల్నా అన్నదట. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. యాభై రెండేళ్ళ మనిషి, కనుబొమల మీద ఎప్పుడూ తెల్లగా పిండి, చేతిలో ఎప్పుడూ ఒక జల్లెడ.

ఇట్లాంటి అక్కను చూసి పొంగిపోవలసిన తమ్ముడు నరేందర్ సిగ్గుతో తల దించుకున్నాడు. అదీ కన్నతండ్రి చావులో. తప్పు అతనిదీ కాదు, ఆమెదీ కాదు. కాస్త వెనక్కి పోయి చెప్పాలి.

నరేందర్ భూపాలపల్లిలో ఉంటాడు, లారీ తోలుతాడు. అవ్వ చచ్చిపోయిననాడు అతను బొగ్గు లోడుతో చంద్రాపూర్ అవతల ఉన్నాడు. మిట్టమధ్యాహ్నం, రోళ్ళు పగిలే ఎండ. నాయిన ఫోన్ చేశాడు. మీ అవ్వ పోయిందిరా అన్నాడు. నరేందర్ లారీ పక్కకు ఆపి, ఏడుస్తూ, నేను బయల్దేరుతున్నా నాయినా, తెల్లారేసరికి వస్తా, అవ్వను అప్పటిదాకా ఉంచండి, ముఖం చూసుకుంటా అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. అటునుంచి నాయిన "సరే సరే" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

ఆ ఒక్క "సరే"ని నమ్ముకొని నరేందర్ లోడు దారిలో ఇంకొక డ్రైవరుకు అప్పగించి, దొరికిన బండినల్లా పట్టుకొని, పొద్దు పొడిచేసరికి ఊళ్ళో దిగాడు. దిగితే ఏముంది, బూడిద. ముందటి సాయంత్రమే కానిచ్చేశారు. ఎండలకు ఆగదని ఊరివాళ్ళు తొందరపెట్టారట. ఆ మాట నాయిన నోటినుంచి వచ్చుంటే నరేందర్ ఏడ్చి ఊరుకునేవాడే. కానీ, ఆపమన్నా గదా నాయినా అని అడిగితే, నలుగురిలో ఆ మనిషి ఏమన్నాడో తెలుసా? "నువ్వు నాతోని ఆపుమని ఒక్క మాట అనలే" అన్నాడు. కళ్ళల్లోకి చూసి, తడుముకోకుండా అన్నాడు.

అవ్వ ముఖం దక్కలేదన్న బాధ ఒకెత్తు, కన్నతండ్రి ముఖం మీదే అబద్ధమాడాడన్న బాధ ఒకెత్తు. రెండోదే నరేందర్ గుండెలో ముల్లై దిగింది. అది జరిగినప్పుడు చిలుకమ్మ లోపల తెలివి తప్పి పడి ఉంది, ఆమెకు వినపడలేదు. విన్నవాళ్ళు తండ్రీకొడుకుల ముచ్చట మనకెందుకని ఆమె దాకా తేలేదు. దినాలు కాగానే నరేందర్ వెళ్ళిపోయాడు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని భార్య శిరీషకు కూడా సంగతంతా చెప్పలేదు. నాయిన ఆగలేదు, నేను పోను, అంతే. తొమ్మిదేళ్ళు ఆ గడప తొక్కలేదు, "నాయినా" అన్న పిలుపు నోట రానివ్వలేదు. అక్కతో ఫోన్లో మాట్లాడతాడు, మేనకోడలి పెండ్లికి తొర్రూరు ఫంక్షన్ హాలుకు వచ్చి అటునుంచి అటే పోయాడు. ఆమె నాయిన ముచ్చట ఎత్తితే మాత్రం ఫోన్ పెట్టేస్తాడు. నాలుగైదుసార్లు పెట్టేశాక చిలుకమ్మ ఎత్తడం మానేసింది. తండ్రీకొడుకులు ఒక తాను ముక్కలే. మొండితనంలో ఒకరికొకరు తీసిపోరు.

మొన్న ఫాల్గుణంలో, మిరపకాయలు పట్టించే రోజుల్లో, దుర్గయ్య పోయాడు. సాయంత్రం గిర్ని ముందు మంచంలో కూర్చొని, కారం మెత్తగా వస్తున్నదా అని వేళ్ళ మధ్య నలిపి చూసి, ఇంకొకసారి తిప్పమని చెప్పి, వెనక్కి వాలాడు. మళ్ళీ లేవలేదు. చీకటి పడకముందే కానిద్దామని పెద్దమనుషులన్నారు. చిలుకమ్మ ఒప్పుకోలేదు. తొర్రూరు నుంచి ఫ్రీజర్ పెట్టె తెప్పించి, మా తమ్ముడు రాకుండా పీనుగ లేవదని చెప్పి, దాని పక్కనే కూర్చుంది.

తెల్లారి నరేందర్ శిరీషతో వచ్చాడు. కొడుకుగా చేయవలసింది చేసి పోదామని వచ్చాడు, అంతకు మించి ఏమీ లేదని దారిపొడుగునా తనకు తాను చెప్పుకున్నాడు. పెట్టె దగ్గర నిలబడ్డాడు. అద్దంలోంచి కనబడుతున్న ముఖం తొమ్మిదేళ్ళ కిందటి ముఖం కాదు, సగమైపోయింది. నోరు తెరిచి పిలవాలని అందరూ ఎదురు చూశారు. అతను పిలవలేదు. కానీ కళ్ళవెంట బొటబొటా నీళ్ళు కారాయి. కొడుకు ఏడుస్తున్నాడు, ఎంతైనా పేగు బంధం గదా అని ఆడవాళ్ళు కొంగులు కళ్ళకద్దుకున్నారు.

అసలు సంగతేమంటే అది కారం. ఇల్లూ గిర్నీ ఒకే రేకుల కప్పు కింద ఉంటాయి. వారం రోజులుగా పట్టిన మిరపపొడి గోడలకూ, దూలాలకూ, గిర్ని పట్టాకూ పేరుకొని ఉంది. ఫ్రీజర్ పెట్టె కింద తిరిగే పంకా దాన్నంతా లేపి జనం మీదికి కొడుతున్నది. వచ్చినవాడు వచ్చినట్టే తుమ్ముతున్నాడు, కళ్ళు నలుపుకుంటున్నాడు. దుర్గయ్యతో ఏనాడూ మాట కలవని సర్పంచి కూడా కుమిలి కుమిలి ఏడుస్తున్నట్టే ఉన్నాడు.

చిలుకమ్మ అందరినీ కలయజూసి, "ఏడ్వద్దనుకున్నోళ్ళను గూడ ఏడిపిచ్చే పోతున్నడు మా నాయిన," అన్నది.

కూర్చున్నవాళ్ళలో ఎవరో నవ్వాపుకోబోయి తుమ్మారు. దాంతో నలుగురు నవ్వారు, పదిమంది తుమ్మారు. నరేందర్‌కు ఒళ్ళు మండింది. శిరీష పుట్టింటివాళ్ళు కూడా వచ్చి ఉన్నారు. వాళ్ళ ముందు ఇదేం పరువు తక్కువ పని అనుకున్నాడు. పైగా తన కన్నీళ్ళు ఉత్త కారం నీళ్ళని అక్కకు తెలిసిపోయిందన్న అనుమానం కూడా ఉన్నది. అది నిజమే, ఆమెకు మొదటి చూపులోనే తెలిసింది.

పది గంటలకు గార్ల నుంచి మేనత్త కళావతి దిగింది. దుర్గయ్యకు ఒక్కగానొక్క చెల్లెలు. బస్సు దిగిన దగ్గర్నుంచి శోకమెత్తుకొని, రాగం తీస్తూ వచ్చి పెట్టె మీద పడింది. ఎవరినీ పల్లెత్తు మాట అనని అన్నా, నోట్లో నాలుక లేని అన్నా, చీమకు కూడా ఎదురు చెప్పని అన్నా అని ఒక్కొక్కటే గుణం ఎత్తి ఏడుస్తున్నది. దుర్గయ్య నోరు ఎట్లాంటిదో అక్కడ అందరికీ తెలుసు. గిర్నికి తడి గోధుమలు తెచ్చినవాళ్ళ ఏడుతరాలను ఎత్తి తిట్టిన మనిషి. కళావతినే ఒకసారి పసుపుకొమ్ములు కారంలో కలిపిందని సంచితో సహా రోడ్డు మీద పెట్టాడు. జనం ఒకరి ముఖాలొకరు చూసుకోకుండా నేల చూపులు చూస్తున్నారు. చిలుకమ్మ మేనత్త భుజం పట్టుకొని లేవదీసి, చెవి దగ్గర మెల్లగా, అయినా అందరికీ వినబడేటట్టు, "అత్తా, జర సూసుకొని ఏడువు, నువ్వు వేరే ఇంటికొచ్చినట్టున్నవ్," అన్నది.

కళావతి ముందు బిత్తరపోయింది. తర్వాత ఆమె ముఖం మారింది. ఈయన నన్ను రోడ్డు మీద నిలబెట్టాడే, నాలుగేళ్ళు మాట్లాడలేదే, ఆఖరికి నేనే వచ్చి పలకరిస్తే నీ పసుపు ఇంకా దాచిపెట్టిన అని డబ్బా తెచ్చిచ్చాడే అని నవ్వుతూ మొదలుపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఆ ఏడుపులో రాగం లేదు. చిలుకమ్మ చాయ గ్లాసు ఆమె చేతిలో పెట్టింది, ఆమె తాగింది.

అందరూ చూశారు గానీ నరేందర్ ఆ తాగడం చూడలేదు. అతనికి నవ్వులే వినబడ్డాయి. అక్కను గిర్ని వెనక్కి పిలిచి నిలదీశాడు. ఇది చావిల్లా, బాగోతమా? రేపు మంది ఏమనుకుంటరు? నాయిన పోయిన బాధ నీకు లేదా? అడగవలసినవన్నీ అడిగాడు. చిలుకమ్మ అంతా విన్నది. ఆమె ముఖం మీద కోపం రాలేదు. రాత్రంతా పెట్టె పక్కనే కూర్చొని ఉన్న మనిషి, కాళ్ళు వాచి ఉన్నాయి.

"బాధ ఉన్నది తమ్మీ. మోకాళ్ళ లోతు ఉన్నది," అన్నది. "గనీ నేను గూడ వడిపోతే ఇంతమందికి చాయ ఎవలు వోస్తరు? నన్ను తిడ్తె తిట్టు. నాకు ఒక్కటే కోరిక. పొద్దటిసంది జూస్తున్న, నువ్వు నాయినను ఒక్కపారి గూడ పిలువలే. దింపుడు కల్లం కాడ పిలిచేది నువ్వే. మందికోసం పిలువకు. ఆయన ఇనాలె అన్నట్టు పిలువు."

నరేందర్ ముఖం తిప్పుకున్నాడు. మూడు పిలుపులే గదా, పిలుస్తాలే అన్నాడు. గొంతులో ఏ తడీ లేదు. అది చిలుకమ్మకు అర్థమైంది, లోపలికి పోయింది. ఆమెకు నిజంగా గుండె జారింది అప్పుడే. నాయిన పోయాడు, సరే, నిండా బతికి పోయాడు. కానీ కొడుకు నోట ప్రాణమున్న పిలుపు ఒక్కటి వినకుండానే కాలిపోతాడేమో అన్నది ఆమెకు తట్టుకోలేని సంగతి.

మూడు గంటలకు పాడె లేచింది. నిప్పుకుండ పట్టుకొని నరేందర్ ముందు నడిచాడు. డప్పులు మోగుతున్నాయి. ఆడవాళ్ళు కూడా వెంట నడిచారు, ఆ ప్రాంతపు ఊళ్ళలో అది మామూలే. పాడె ముందు కొమ్ము పట్టినవాడు పోశాలు, దుర్గయ్య ఇంటి పక్కవాడే. ఊరు దాటి, మిరపకాయలు ఆరబోసిన కల్లాల దగ్గర పాడె దించారు. దారి మధ్యలో అట్లా దించి, ప్రాణం ఇంకా ఎక్కడైనా కొట్టుకుంటున్నదేమోనని కొడుకు చెవిలో మూడుసార్లు పిలవాలి. అదే దింపుడు కల్లం. పలికితే ఇంటికి తీసుకుపోతారు, పలక్కపోతే కాటికి తీసుకుపోతారు. ఇంతవరకూ పలికినవాడు లేడు, అయినా పిలవకుండా ఎవరినీ పోనివ్వరు. కొడుకు గొంతుకు తండ్రి లేస్తాడేమో అన్న ఆశకు అడ్డు చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు.

కులపెద్ద బుచ్చిరాములు నరేందర్‌ను పాడె కుడివైపు కూర్చోబెట్టి, కుడి చెవిలో మూడుసార్లు పిలవమని చెప్పాడు. నరేందర్ వంగాడు. అందరూ చూస్తున్నారు. గొంతు సవరించుకొని, రోడ్డు మీద క్లీనర్‌ను పిలిచినట్టు, "నాయినా" అన్నాడు.

"ఆగు తమ్మీ," అన్నది చిలుకమ్మ. "గా చెవు పని చెయ్యది."

డప్పు ఆగింది. బుచ్చిరాములుకు చిరాకేసింది. కుడి చెవిలోనే పిలవాలి, తాతల కాడినుంచి వస్తున్న పద్ధతి, మధ్యలో నీ సోది ఏందమ్మా అన్నాడు. చిలుకమ్మ అడుగు వెనక్కి వేయలేదు.

"పద్ధతి నాకెర్కనే మామా. గనీ గిర్ని ఇంజను గా దిక్కే ఉండె, నలభయ్యేండ్లు గా చెవుల్నే మోగె. ఇనవడని చెవుల పిలిచి, పలుకుతలేడు, సచ్చిండు అని కాలవెడ్తరా?"

వెనకనుంచి ఒక నవ్వు లేచింది. దాని వెనక ఇంకొకటి. బుచ్చిరాములు మీసాల కింద ఏదో నొక్కుకున్నాడు. అవునవును, గిర్నికి పోతే ఆయనకు ఎడమ దిక్కు నిలబడే చెప్పాలి, కుడి దిక్కు నిలబడి జొన్నలంటే ఊరుకునేవాడు అని ఒకామె గుర్తు చేసింది. నరేందర్ కుడివైపే మోకాళ్ళ మీద ఉండిపోయాడు. అందరి ముందు తప్పు చెవిలో పిలిచినందుకు సిగ్గేసింది. ఊరందరికీ తెలిసిన చెవి తనకు తెలియదు.

చిలుకమ్మ తమ్ముడి ముఖంలో ఆ సిగ్గు చూసింది. అతని మనసు తేలిక చేయడానికే తర్వాతి ముచ్చట ఎత్తుకుంది, వేరే ఉద్దేశమేమీ లేదు. నాయిన ఫోన్ కూడా ఆ చెవికే పెట్టుకునేవాడని, అలవాటు పోక కుడిచేత్తోనే ఎత్తేవాడని చెప్పింది. అవతలివాళ్ళు చెప్పేది ఒక్క ముక్క వినపడేది కాదట. అయినా గిర్నీవాడికి చెవుడంటే నవ్వుతారని, ఎవరేం చెప్పినా "సరే సరే" అని పెట్టేసేవాడట. పోశాలును చూపించి, ఈయన్ను అడగండి అన్నది.

పోశాలు పాడె కొమ్ము మీద చేయి వేసి చెప్పాడు. ఒకసారి అతను ఫోన్ చేసి, మామా, నీ సైకిలు తీసుకపోతున్నా, పొద్దున తెచ్చిస్తా అన్నాడు. దుర్గయ్య సరే సరే అన్నాడు. పోశాలు సైకిలు తీసుకపోయాడు. గంటలో దుర్గయ్య సైకిలు పోయిందని ఊరంతా గాలించి, పోశాలు వాకిట్లో దొరకబుచ్చుకొని, కట్టె తీసుకున్నాడు. ఫోన్లో చెప్పిన గదనే మామా అంటే, నువ్వు నాతోని ఒక్క మాట అనలే అని ఇంకా రెండు తగిలించాడు.

"చెవుడు ఆయినకు, దెబ్బలు నాకు," అన్నాడు పోశాలు.

కల్లాల దగ్గర మిరపకాయలు ఏరుతున్న కూలీలు కూడా నవ్వారు. పాడె చుట్టూ ఉన్న నలభై మందీ నవ్వారు, కళావతి కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఒక్క నరేందర్ నవ్వలేదు.

"ఎప్పటిసందక్కా?" అని అడిగాడు.

"ఏంది?"

"చెవు."

చిలుకమ్మ ముఖంలో నవ్వు ఇంకా పోలేదు. "నాలుగేండ్ల కింద జనగామ దవాఖానకు తీస్కపోయిన. ఇది పోయి ఆరేడేండ్లయింది, ఇన్నొద్దులు ఏం జేసిన్రని డాక్టరు నన్నే తిట్టిండు. అవ్వ ఉన్నప్పుడే పోయింది తమ్మీ. మనకు జెప్పలే, దాసుకున్నడు."

నాలుగూ ఆరూ పది. అవ్వ పోయి తొమ్మిది. లెక్క చేయడానికి నరేందర్‌కు ఎంతసేపూ పట్టలేదు. చంద్రాపూర్ రోడ్డు పక్కన, ఎండలో, తను ఏడుస్తూ చెప్పినదంతా ఆ చెవిలో పడి ఎక్కడికీ పోలేదు. నాయిన "సరే సరే" అన్నది ఒప్పుకోవడం కాదు, వినబడక, వినబడలేదని చెప్పుకోలేక అన్న మాట. మర్నాడు పొద్దున నలుగురిలో నువ్వు చెప్పలేదన్నది అబద్ధం కాదు. ఆ మనిషి చేతనైనంత నిజం చెప్పాడు. దానికి కొడుకు తొమ్మిదేళ్ళ శిక్ష వేశాడు.

"గా దినం గూడ సరే అన్నడక్కా," అన్నాడు నరేందర్. "నేను అవ్వను ఆపుమన్న. సరే సరే అన్నడు."

చిలుకమ్మ చేయి నోటికి అడ్డం పోయింది. తొమ్మిదేళ్ళుగా తమ్ముడు ఎందుకు రాలేదో, నాయిన ఎందుకు నేనేం చేసిన్నే బిడ్డా అని పదేపదే అడిగేవాడో, రెండూ ఒక్కసారే తెలిశాయి. ఊరందరినీ నవ్వించిన మనిషి అక్కడే కల్లంలో కూర్చుండిపోయింది.

నరేందర్ లేచి, పాడె చుట్టూ తిరిగి ఎడమ దిక్కుకు వచ్చాడు. బుచ్చిరాములు ఈసారి పక్కకు జరిగి దారిచ్చాడు. నరేందర్ మట్టిలో మోకాళ్ళూని, ముఖం మీది గుడ్డ తొలగించి, ఆ చెవికి నోరు ఆనించి పిలిచాడు. మొదటి పిలుపు సరిగా బయటికి రాలేదు. రెండోది గట్టిగా వచ్చింది. మూడోది కల్లాల అవతలి దాకా వినబడింది, చెలకలో పనిచేస్తున్నవాళ్ళు తలెత్తి చూశారు.

దుర్గయ్య పలకలేదు. బుచ్చిరాములు కాసేపు ఓర్చుకొని, మూడూ అయినయి బిడ్డా, పొద్దు వాలుతున్నది, ఇగ లేపాలె అన్నాడు. పోశాలు వాళ్ళు కొమ్ముల మీద చేతులు వేశారు. నరేందర్ చెవి దగ్గరి నుంచి ముఖం తీయలేదు. అతనికి నవ్వు వస్తున్నదో ఏడుపు వస్తున్నదో అతనికే తెలియలేదు, భుజాలు మాత్రం ఎగసిపడుతున్నాయి.

చిలుకమ్మ నేల మీద చేయి ఆనించి లేచింది. లేచి పాడెకు అడ్డంగా నిలబడ్డది.

"వాలనీ మామా," అన్నది. "మా అవ్వప్పుడు ఆగకపోతిమి. ఇయ్యాల ఆగుదాం."

పోశాలు చేయి తీసేశాడు. మిగతావాళ్ళూ తీసేశారు. డప్పులవాళ్ళు డప్పులు దించి గట్టు మీద కూర్చున్నారు. నరేందర్ నాయిన ఎడమ చెవిలో మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు.

"నాయినా, నేను ఆపుమన్న. నీకు ఇనవడలే. నువ్వు అబద్ధమాడలే నాయినా."

ఆ తర్వాత ఏం చెప్పాడో ఎవరికీ వినబడలేదు. తొమ్మిదేళ్ళ ముచ్చట, తొందరగా అయ్యేది కాదు. పొద్దు వాలిందాకా అందరూ ఆగారు.